నలభై ఏడో చోటు

"నంబరు మాత్రం వెయ్యొద్దు," అంది అవ్వ.

"పేరు చెప్పవు, నంబరు వద్దంటావు. ఏం చెయ్యమంటావు మరి?" మ్యాపుల ఆఫీసు గుమాస్తా నుదురు కొట్టుకున్నాడు. "పేరు లేని చోటుకి నంబరు వెయ్యాలని రూలు. సాయంత్రం అయిదుకల్లా ఈ మ్యాపు ప్రెస్సుకి వెళ్ళిపోవాలి."

"పేరు లేదని ఎవరన్నారు? ఉంది. చెప్పనంతే."

కొండ మీద మొత్తం నలభై ఏడు చోట్లు. నలభై ఆరింటి పేర్లు కిందటేడు సర్వేవాళ్ళు ఈ అవ్వనే అడిగి రాసుకున్నారు. అన్నీ కొండవాళ్ళ భాషలోవే. పేర్లతో పాటు అర్థాలు కూడా వేద్దామన్న బుద్ధి ఆఫీసుకి ఇప్పుడు పుట్టింది. ఆ భాష తెలిసినవాళ్ళలో మిగిలింది అవ్వ ఒక్కతే కాబట్టి జీపు పంపి మరీ పిలిపించారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ వేలు మ్యాపులో ఒకే చోట ఉంది. అది ఆవిడ ఇంటి వెనక ఏటవాలు నేల. అక్కడ మాత్రం ఖాళీ.

"సరే, దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు అర్థాలు కానిద్దాం." గుమాస్తా ఫారం ముందుకు లాక్కున్నాడు. పైన 'వివరాలు చెప్పినవారు' అన్నచోట 'కొండ అవ్వ' అని రాశాడు. ప్రభుత్వానికి ఆ మాత్రం చాలు. "మొదటిది ఓయెలా. వాగు. అర్థం ఏంటి?"

అవ్వ మొహం విచ్చుకుంది. "ఓయెలానా? అబ్బో, ఒకటే నవ్వు! ఆపమన్నా ఆపేది కాదు."

'గలగలా నవ్వే వాగు' అని రాశాడు గుమాస్తా. రాసింది చూసుకుని మురిసిపోయాడు కూడా.

"తర్వాతది సుమ్రో. పెద్ద బండ."

"మొండిఘటం. చచ్చినా ఎవరి మాటా వినేవాడు కాదు."

'ఎవరికీ లొంగని బండ' అని రాశాడు. "మీవాళ్ళు రాళ్ళనీ నీళ్ళనీ కూడా మనుషుల్లా చూసుకునేవాళ్ళన్నమాట! ఎంత గొప్ప ఊహ అవ్వా!"

అవ్వ అతని వంక వింతగా చూసింది. ఫ్యాను టకటకమంటోంది. ఎగిరిపోకుండా మ్యాపు నాలుగు మూలలా టీ గ్లాసులు పెట్టారు. అందులో ఒకటి అవ్వదే. ఆవిడ తాగడం మర్చిపోయింది.

"బెకాయి. ఇది గట్టు."

"కూరలో ఉప్పు వెయ్యడం ఎప్పుడూ మర్చిపోయేది."

కలం ఆగింది. "గట్టు కూర వండటం ఏంటి అవ్వా?"

"గట్టెందుకు వండుతుంది? మా చెల్లెలు."

"నేనడిగింది గట్టు పేరు!"

"ఆ గట్టుకి పెట్టింది మా చెల్లెలి పేరే. ఓయెలా మా మేనత్త. సుమ్రో మా పెదనాన్న. కొందరిని నేను చూశాను, కొందరి గురించి విన్నాను." అవ్వ చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "మనిషి పోతే పోయాడు, పేరెందుకు పోవాలి నాయనా? బతికున్నప్పుడు ఎక్కడ ఎక్కువ కూర్చునేవాళ్ళో ఆ చోటికి పెట్టేస్తాం. బెకాయికి నేనే పెట్టాను. తొమ్మిదేళ్ళైంది."

గుమాస్తా తను రాసిన అర్థాలు చూసుకున్నాడు. నవ్వే వాగు, లొంగని బండ. సిగ్గేసింది. అర్థాల గడి మొత్తం అడ్డంగా కొట్టేశాడు.

"ఇంతకీ కొండ మీద ఇప్పుడు ఎవరుంటున్నారు?" అని అడిగాడు.

"నేనున్నాగా. పొద్దున్నే టీ పెట్టుకుని వాకిట్లో నిలబడి అందరినీ పేరుపేరునా పిలుస్తాను. నలభై ఆరు పేర్లూ అయ్యేసరికి టీ చల్లారిపోతుంది." నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "వాళ్ళు పలకరనుకో. నన్ను పేరు పెట్టి పిలిచిన ఆఖరు మనిషి బెకాయే. మీ జీపు డ్రైవరు కూడా అవ్వా అనే అన్నాడు."

గుమాస్తాకి తన ఇల్లు గుర్తొచ్చింది. వస్తున్నా అని ఇంటికి ఫోను చేస్తే చాలు, ఇద్దరు పిల్లలు తలుపు దగ్గర కాచుకునుంటారు. తొమ్మిదేళ్ళు ఒక మనిషి పిలిచేవాళ్ళే లేకుండా ఎలా ఉంటుందో అతనికి ఊహకి కూడా అందలేదు.

గడియారం అయిదుకి పది నిమిషాలు చూపిస్తోంది. ప్రెస్సు మనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గుమాస్తా ఆ ఖాళీ చోట 47 వెయ్యబోయాడు. అవ్వ చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. ఎండిన చెయ్యి.

"పోనీలే," అని కలం మూత పెట్టేశాడు. "ఖాళీగానే వదిలేస్తాను. ఆఫీసరు తిడితే నేను పడతాను."

"తర్వాత నువ్వొచ్చి రాస్తావా? దానికి ఇంకో మనిషి కావాలి. నాకు ఎవరూ లేరు."

"రాస్తాను అవ్వా. ఒట్టు. ఎప్పుడు రమ్మంటావు?"

"కబురొస్తుందిలే."

"దానికోసం నేను కొండెక్కడం ఎందుకు, ఎలాగూ ఇక్కడే ఉన్నావు. ఆ పేరేదో ఇప్పుడే ఇచ్చెయ్యరాదూ?"

అవ్వ చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు మళ్ళీ మ్యాపు మూల మీదే పెట్టి, కర్ర అందుకుని లేచింది.

"ఇప్పుడే ఎలా ఇస్తాను నాయనా? ఇంకా నేను వాడుకుంటున్నాగా!"