పసుపు పూసిన బండ

ముళ్లకంపలు గీరుకుంటున్నా గుట్టెక్కిన నిహారిక, బండను చూసి గబగబా దగ్గరికెళ్లింది. ఆరేళ్ల కిందట పరిశోధన కోసం తాను ఫొటో తీసిన, ఆదిమానవులు గీసిన ఎర్రటి ఎద్దు బొమ్మ మీద మందంగా పసుపు, కుంకుమ!

“ఎవరు పూశారు బాబాయ్? బొమ్మంతా నాశనం చేశారు!”

“నేనేనమ్మా” అన్నాడు, దారి చూపిస్తూ వచ్చిన క్వారీ కూలీ నరసయ్య.

“మతిపోయిందా నీకు?”

“పోయినసారి నువ్వే గదా చెప్పులిప్పి, దీని ముందు బోర్లా పడి దణ్ణం పెట్టింది!”

“దణ్ణమేంది? కాళ్లు జారుతున్నాయని చెప్పులిప్పాను. కిందున్న గిట్టల ఫొటో కోసం పడుకున్నాను!”

నరసయ్య చుట్టూ చేయి చూపించాడు. అప్పటి బండల్లో ఇదొక్కటే మిగిలింది. మిగతావన్నీ క్వారీ గుంతలే.

“పసుపున్న బండని మావోళ్లు మందు పెట్టి పేల్చరమ్మా. కిందికెళ్లాక, అది దేవుడు కాదని మాత్రం అనమాక.”