దిగనన్న మనిషి

“సమాధి మీద కూర్చుంటావేమయ్యా? లే, ముందు లే!”

ఆర్థర్ కేకకి ఆ మనిషి ఉలిక్కిపడలేదు. పక్కన గోనెసంచి పెట్టుకుని రాతిపలక మీద తాపీగా కూర్చున్నవాడు, అంతే తాపీగా లేచాడు.

“వీళ్ళు నన్నేమనరు సార్. సెక్రటరీ సార్ మీరే గద? జెర మాట్లాడాలె.”

“ఆదివారం రా.”

“రెండే మాటలు సార్.”

“ఆదివారం అన్నానా!”

సాయం అడగవచ్చేవాళ్ళని చూసి చూసి ఆర్థర్‌కి విసుగెత్తిపోయింది. పైగా ఇవాళ తల గోక్కునే తీరిక లేదు. సికింద్రాబాద్ సమాధుల తోట కమిటీకి సెక్రటరీ అయ్యాక ఆయన తలపెట్టిన మొదటి ఘనకార్యం ఎదురుగా షెడ్డులో నిలబడి ఉంది.

ఎప్పుడో ఓ సంఘస్థుడు తోటకి ఇచ్చిపోయిన ముసలి ట్రాక్టరు. దాని ముందు, పాత ఇనుము కొట్లో వెతికి కొన్న సెకండ్‌హ్యాండ్ లోడరు. రెండు ఇనపచేతులు, వాటి చివర మట్టి ఎత్తిపోసే పెద్ద బకెట్టు. ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారి చేత రిబ్బను కత్తిరించాలి.

మెకానిక్ సత్తార్ పొద్దుటి నుంచీ బిగిస్తూనే ఉన్నాడు. లివరుకి పిడి లేదు, ఉత్త ఇనపకడ్డీ. ఆయిలు ఎక్కడో కారుతోంది. వాటికి కావాల్సిన సామాను కోసం లాలాగూడ బయల్దేరుతూ మరీ మరీ చెప్పాడు.

“నేనొచ్చేదాక బకెట్ లేపకుండ్రి సార్. లేపినా కిందికి దూరకుండ్రి. అడ్డం మొద్దులు పెట్టలే ఇంకా.”

చెప్పాడు సరే, ఆర్థర్ చేతులు ఊరుకోవాలిగా!

సత్తార్ స్కూటరు గేటు దాటగానే ఇంజను స్టార్టు చేశాడు. లివరు లాగాడు. బకెట్టు గాల్లోకి లేచింది. ఆహా! చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. బోల్టులు ఎలా ఉన్నాయో చూద్దామని, ఇంజను ఆపకుండానే దిగి, వెల్లకిలా దాని కిందికి దూరాడు.

ఆయిలు చుక్కలు మొహం మీద పడ్డాయి. బకెట్టు దిగుతోంది. పక్కకి జరిగేలోపే ఛాతీ మీదికి వచ్చేసింది.

“చచ్చానురా దేవుడా!”

ఎవరో పరుగెత్తుకొచ్చి ట్రాక్టరెక్కారు. బకెట్టు ఆగింది. ఆగిందే గాని, లేవలేదు. ఊపిరి సగమే ఆడుతోంది.

“లేపు! పైకి లేపు!”

“లేస్తలేదు సార్. మీరైతే కదలకుండ్రి.”

ఆ గోనెసంచి మనిషే. కింద నుంచి ఆర్థర్‌కి కనబడుతున్నది ఒక్కటే, ఫుట్‌బోర్డు మీద ఒక రబ్బరు చెప్పు.

“అయితే దిగు. వెళ్ళి ఎవరినైనా పిలుచుకురా!”

“దిగ సార్.”

“ఏంటీ?”

“నేను దిగ. సత్తార్ భాయ్ వస్తడు. జెర ఓపిక పట్టుండ్రి.”

ఆర్థర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండినా వేలు కదిపే చోటు లేదు.

ట్రాక్టరు బానెట్ మీద పెట్టిన ఫోను మోగింది. ఈ వేళప్పుడు చేసేది మేబెల్. భోజనానికి రాలేదేమని.

“మా ఆవిడ! ఆ ఫోనైనా ఎత్తవయ్యా!”

“అందదు సార్.”

“లేచి అడుగేస్తే అందుతుంది!”

ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇంట్లో అన్నం వడ్డించుకుని కూర్చున్న మేబెల్ కళ్ళముందు మెదిలింది. ఆర్థర్‌కి ఏడుపొచ్చింది.

“ఆదివారం రమ్మన్నానని కక్ష కట్టావు కదూ?”

“అయ్యో, గట్లెందుకు సార్? పిల్లలెందరు మీకు?”

“ఇక్కడ ప్రాణం పోతుంటే పిల్లల లెక్కా?”

“చెప్పుండ్రి సార్. మాట్లాడుకుంట ఉండుండ్రి.”

“అక్కడ కూర్చుని ఏం చేస్తున్నావురా అసలు?”

“ఊకెనే కూసున్న సార్.”

ఆర్థర్ నోటికొచ్చినట్టు తిట్టాడు. జన్మలో ఎవరినీ అనని మాటలన్నాడు. మధ్యలో ఒకసారి ఇంజను దగ్గింది, చెప్పు ఉన్న కాలు వణికింది. “ఆగకే తల్లీ, ఆగకు,” అన్నాడు పైవాడు. ఎవరితో అంటున్నాడో ఆర్థర్‌కి అర్థం కాలేదు.

ఎంతసేపయిందో! ఆఖరికి స్కూటరు చప్పుడు. సత్తార్ కేకలు. మొద్దులు దొర్లిన చప్పుడు. గేటు బయట టీకొట్టు దగ్గరి వాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆర్థర్‌ని బయటికి లాగారు.

నీళ్ళు తాగి, గుండె నిమురుకుని, ఆర్థర్ అన్న మొదటి మాట, “వాడేడీ? పోలీసులకి పట్టిస్తాను. నేను చస్తుంటే సీటెక్కి కూర్చున్నాడు!”

సత్తార్ తెల్లబోయాడు.

“ఏందీ సార్ గట్లంటరు? ఇంజన్ నడుస్తుండంగ ఆ లివర్ గుంజి పట్టుకున్నంతసేపే బకెట్ ఆగుతది. ఇడిస్తే మీ మీద కూలబడుతుండె.”

ఆర్థర్ తలెత్తి చూశాడు. ఇనపకడ్డీ పొడుగునా నెత్తురు.

“మరి ఆ మాట నాతో చెప్పొచ్చుగా!”

“చెప్తే పరేషానై గుంజుకుంటరు, ఇంకింత ఇరుక్కుంటరు అన్నడు. చెయ్యి కడుక్కొస్తనని నల్లా దిక్కు పోయిండు. మళ్ళ కనబడలే.”

“ఎవరతను?”

“ఐలయ్యను ఎరుగరా సార్? మన తోటల బొందలు తవ్వేది, పూడ్చేది ఆయననే గద. మీ నాయనను పెట్టిన నాడు సుత పార పట్టుకొని మీ పక్కనే నిలబడ్డడు.”

ఆర్థర్‌కి ఆ రోజు పార గుర్తుంది, మొహం గుర్తు లేదు.

రాతిపలక పక్కన గోనెసంచి అలాగే ఉంది. సత్తార్ దాని మూతి విప్పి వంచాడు. అరిగిన పార, గడ్డపార, తోట గేటు తాళంచెవి.

ఈ లోడరొస్తే నీతో పనిలేదు, కమిటీ సామాను అప్పజెప్పి వెళ్ళమని పోయిన ఆదివారం గోతులు తవ్వే మనిషికి వాచ్‌మన్ చేత కబురు చేయించింది ఆర్థరే.