మేక కడుపులో పలావు

“ఈడే నా మేకకి మందెట్టి సంపీసేడు సారూ!” చిలకమ్మ పక్కింటి వరహాలు మీదికి వేలు చూపింది.

బేడీలు పట్టుకుని నిలబడ్డ ఎస్సై, మేక పొట్ట కోస్తున్న పశువుల డాక్టరు జ్ఞానశేఖర్ వైపు చూశాడు. డాక్టరు లోపల్నుంచి గుప్పెడు తీసి వాసన చూశాడు.

“శాంపిలు ల్యాబుకి పంపుతాను గానీ, ఇది విషం కాదు. పొట్టనిండా మటన్ పలావు. మేక అంత అన్నం తింటే కడుపులో పులిసి ప్రాణం తీస్తుంది.”

“మేకకి మటన్ పలావా?” ఎస్సై నోరు తెరిచాడు.

వరహాలు తల దించుకున్నాడు. “ముక్కలు ఏరీసేను సారూ. దాని సుట్టాలు కదా, బాగోదని.”

డాక్టరు నవ్వాపుకోవడానికి మాస్కు సర్దుకున్నాడు.

“మొక్కలు మేసీసిందని రోజూ తగువాడతావు, దానికి కూడెందుకెట్టేవ్?” చిలకమ్మ నిలదీసింది.

“మేనకోడలి పెళ్లిలో పెద్ద గిన్నెడు కట్టిచ్చేరు. మా ఇంటిది పోయిన కాణ్నించి ఒక్కడినీ తినబుద్దెయ్యదు. గోడమీంచి అది తొంగి సూసింది, పిలిసేను.”

చావుకి కారణం దగ్గర డాక్టరు ‘అతిగా అన్నం’ అని రాశాడు. ప్రేమగా పెట్టింది అని రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు.

చిలకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“కేసొద్దు సారూ. వరహాలన్నా, రేపట్నించి మజ్జానం మా ఇంటికాడ తిను. తోడు కోసం ఇంకో పేణం తియ్యకు.”