రెండో మైకు

కెఫేలో వేదిక వెనక మెట్ల మీద కూర్చుని వరుణ్, తమ తొలి ఆల్బమ్ విన్నవాళ్లు రాసిన కామెంట్లు ఫోన్‌లో చూసి, తనతో కలిసి పాడే మరదలు ప్రసన్నకి చదివి వినిపిస్తున్నాడు. ఏ ఊళ్లో ప్రోగ్రాం ఉన్నా, దానికి ముందు అతనికిది అలవాటు.

"'సాయిప్రసన్న గొంతు వింటుంటే కళ్లు చెమర్చాయి.' భీమవరం నుంచి ఎవరో రాశారే."

గిటార్ సవరించుకుంటున్న ప్రసన్న మురిసిపోయి, తనూ చూద్దామని అతని భుజం మీదుగా తొంగిచూసింది. ఫోన్ ఆరిపోయి తెర నల్లగా ఉంది. వరుణ్ దాన్నే చూస్తూ ఇంకో మెచ్చుకోలు చదువుతున్నాడు.

"ఛార్జింగ్ అయిపోయింది బావా."

అతను గబుక్కున ఫోన్ బోర్లించాడు.

"నా గురించి అసలేం రాశారు?"

"వాళ్లకేం తెలుసు, వదిలేయ్."

"చెప్పు బావా."

"నేనొక్కడినే పాడితే బావుండేదంటున్నారు." అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "అందరూ కాదులే."

ఊహ తెలిసినప్పటి నుంచి ఇద్దరూ కలిసే పాడారు. ప్రసన్న వంగి గిటార్ తీగ ఒకటి బిగించుకుంది.

"రండమ్మా, జనం వచ్చేశారండి," అని కెఫే ఓనరు పిలిచాడు.

ఆమె ముందుగా వేదికెక్కి తన మైకును పక్కకు జరిపేసింది. "నువ్వు పాడు. నేను వాయిస్తాను."

"నువ్వు లేకుండా నేను పాడను ప్రసన్నా."

"ఒక్క పాట. నా కోసం."

వరుణ్ పాడాడు. అంతవరకూ కాఫీలు తాగుతూ కబుర్లాడుకుంటున్న రాజమండ్రి జనం మాటలు ఆపేశారు. తామిద్దరూ కలిసి పాడిన ఏ ఊళ్లోనూ ఆమెకు అంత నిశ్శబ్దం వినబడలేదు. కళ్లు మసకబారుతున్నా, ఒక్క తీగ కూడా తప్పకుండా చివరిదాకా వాయించింది.