మళ్ళీ మొదటికే

"ఇప్పుడు చూడండి సర్." మేనేజర్ పక్క కుర్చీలో కూర్చుని, ఆయన కంప్యూటర్లోనే ఫిర్యాదుల పేజీ తెరిచింది ప్రోగ్రామర్. "మన ఆఫీసు బ్రౌజర్లలో మనిషిని గుర్తుపెట్టుకునే కుకీలు ఆపేశారు కదా. అందుకే లాగినయిన మనిషిని సైటు మరుక్షణమే మర్చిపోయేది. ఫిర్యాదంతా రాసి పంపబోతే మళ్ళీ మొదటికే, లాగినవ్వమనేది."

"మరేం చేశావ్?"

"కుకీ లేకపోతే గుర్తింపు నంబరు లింకులోనే వెళ్ళేలా జావా కోడ్ మార్చాను. ఇక ఎవర్నీ మర్చిపోదు."

"శభాష్. అసలిది పనిచెయ్యట్లేదని నీకెవరు చెప్పారు?"

ఆమె గొంతు తగ్గించింది. "రిసెప్షనిస్టు సర్. పాపం, రాయడం, రాసిందంతా పోవడం, కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాయడం. ఏం రాసిందో నేనడగలేదు. పొద్దున నా దగ్గరే కూర్చుని పంపింది. 'వెళ్ళిందక్కా!' అని నా చెయ్యి పట్టేసుకుంది."

"వెళ్ళింది," అంటూ మేనేజర్ తన ఫోన్ ఆమె వైపు తిప్పాడు. "ఈ ఫిర్యాదులు ఎవరికొస్తాయో కోడ్‌లో చూసుకోలేదా?"

తెర మీద మొదటి వాక్యం: 'మా మేనేజర్ గారు నేను ఒంటరిగా ఉన్నప్పుడల్లా...'

ఆమె చప్పున రిసెప్షన్ వైపు చూసింది. గది అద్దం అవతల రిసెప్షనిస్టు నీళ్ళ సీసా, దువ్వెన సంచీలో సర్దుకుంటోంది. పక్కనే సెక్యూరిటీ గార్డు నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఉద్యోగాన్ని కాపాడింది ఆ తప్పేనమ్మా," అన్నాడు మేనేజర్. "దాన్ని నువ్వు చక్కగా సరిచేశావ్."

సంచీ భుజానికి తగిలించుకుని రిసెప్షనిస్టు ఒక్కసారి ఇటు తిరిగింది. మేనేజర్ పక్క కుర్చీలో అక్క కనిపించింది.