తోడు చీటీ

"మీ ఆవిడ పుట్టినరోజు ఎప్పుడు తాతగారూ?" అని డాక్టరు అడిగింది.

అనక్లెతో పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. ఫ్యానుకూ తెలియదు.

"వానాకాలంలో," అన్నాడు చివరికి.

"ఇలోయిలోలో సగం ఊరు వానాకాలంలోనే పుట్టింది," అంది పక్క మంచం మీది పెర్పెతువా. "తేదీ చెప్పవయ్యా."

డెబ్బై ఆరేళ్ళ బతుకులో భర్త ఉద్యోగం ఇంత కష్టమని అతనికెవరూ చెప్పలేదు.

అత్యవసర విభాగంలో చేరిన ముసలివాళ్ళను ఒంటరిగా ఇంటికి పంపరు. వెంట బంతాయ్, అంటే కనిపెట్టుకుని ఉండే మనిషి, ఉండాలి. ఆ వచ్చిన మనిషి 'నేను చూసుకుంటాను' అని తోడు చీటీ మీద సంతకం పెట్టాలి. లేదంటే ఆస్పత్రి వాళ్ళు బంధువులకు ఫోను చేస్తారు. అనక్లెతోకు బంధువంటే సముద్రం అవతల బకోలోద్‌లో ఉన్న మేనల్లుడు. "ఇంకొక్కసారి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందో, ఇల్లు ఖాళీ చేయించి పడవెక్కించేస్తా మామయ్యా," అని క్రిస్మస్‌కే చెప్పేశాడు. మంచివాడే. కానీ వాళ్ళింటి కింద పాటలు పాడే హోటలుంది, పొద్దున తొమ్మిదికే తాగినవాళ్ళు మైకు పట్టుకుంటారు. పైగా బకోలోద్ పోతే ప్లాజా పక్కన గడియారాలు బాగుచేసే తన బల్ల ఏమవుతుంది? ఆ బల్ల లేకపోతే అనక్లెతో లేడు.

అతను ఆస్పత్రి పాలైన ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. జీప్నీ బండి ఆగకముందే దిగాడు, పాతికేళ్ళప్పుడు దిగినట్టే. అతను మరిచిపోయాడు గానీ కాళ్ళకు వాటి వయసు గుర్తుంది. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. పెర్పెతువా ఏమీ తినకుండా చర్చికి వెళ్ళి ప్రార్థన మధ్యలో కళ్ళు తిరిగి పడింది. ఇప్పుడు అల్లం జావ తాగి కోలుకుంది.

"ఇద్దరికీ ఒకే పొద్దునా?" అంది డాక్టరు అనుమానంగా.

"ఈయన పడ్డాడని తెలిసేసరికి నాకు కళ్ళు తిరిగాయి," అని పెర్పెతువా ఠక్కున జవాబిచ్చింది.

"మరి ఇంటిపేర్లు కలవట్లేదే. మీరు మాగ్బనువా, ఈయన హలాండోని."

"మంచి భర్త అనిపించుకున్న రోజున మార్చుకుంటానన్నా డాక్టరమ్మా. ఇంకా ఎదురుచూస్తున్నా."

అటుపక్క మంచాల వాళ్ళు నవ్వారు. రెండు మంచాల మధ్య తెర పొద్దున్నుంచీ తీసే ఉంది. దాన్ని లాక్కుని వెనక దాక్కుందామా అనిపించింది అనక్లెతోకు.

"అమ్మమ్మగారు ఏం మందులు వేసుకుంటారు?"

"ఆయన్నడిగితే తెల్లవి అంటాడు. నేను చెప్తా రాసుకోండి. బీపీకి ఒకటి, షుగరుకు రెండు."

అనక్లెతో నాలిక చివర ఉన్నది సరిగ్గా 'తెల్లవి' అన్న మాటే. దాన్ని మింగేశాడు.

డాక్టరు కుర్చీ దగ్గరకు లాక్కుంది. ఈ ముసలాయన ఇంకొకరిని చూసుకోగలడా అన్నది తేల్చుకోవాలనుకుంది. "మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. మామిడి, గొడుగు, పడవ."

వందలోంచి ఏడేసి తగ్గించమంటే రెండు దాకా దిగి ఆగాడు. గడియారం బొమ్మ గీయమంటే లోపలి స్ప్రింగుతో సహా గీశాడు. ఇక ఆ మూడు మాటలేమిటని అడగ్గానే "మామిడి, గొడుగు, పడవ" అని అప్పజెప్పాడు.

డాక్టరు కలం కింద పెట్టింది. "జ్ఞాపకశక్తి దివ్యంగా ఉంది తాతగారూ. మీ ఆవిడ మీదే శ్రద్ధ లేదు. ఇన్నేళ్ళూ ఏం చేశారు?"

"గడియారాలు బాగుచేశాను."

"టైము మాత్రం చూసుకోలేదు," అంది పెర్పెతువా.

అతనికి సిగ్గేసింది. ఉత్తుత్తిది కాదు, నిజం సిగ్గే. ఒక్క ఆడమనిషి పుట్టినరోజైనా నోటికి రాకుండా డెబ్బై ఆరేళ్ళు గడిపినవాణ్ణి ఏమనాలి? తల వంచుకుంటే చొక్కా కనపడింది. అదీ వంకరగానే ఉంది.

"చూడండి, బొత్తాలు కూడా తప్పు పెట్టుకున్నాడు," అంటూ పెర్పెతువా మంచం మీంచి వంగింది. పైనుంచి ఒక్కొక్కటే విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టింది. కాలరు లాగి సర్దింది.

ఎవరైనా తన బొత్తాలు పెట్టి ఎంతకాలమైందో అతనికి గుర్తు రాలేదు. ఈవిడ తిట్టినా బాగానే ఉందనుకున్నాడు.

డాక్టరు కాసేపు ఆ బొత్తాల వంకే చూసింది. తర్వాత రెండు చీటీలు తీసింది. "సరే. ఆవిడకు మీరు తోడు, మీకు ఆవిడ తోడు. సంతకాలు పెట్టండి. మంగళవారం ఇద్దరూ కలిసి రావాలి, కుట్లు తీస్తా. అప్పటికి పుట్టినరోజు నోటికి రాకపోతే మాత్రం మిమ్మల్ని ఇక్కడే ఉంచేసుకుంటా."

అనక్లెతో సంతకం చేశాడు. పెర్పెతువా కూడా చేసింది, అక్షరాలు కనపడక కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని.

ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా నడుచుకుంటూ కాపలావాడికి చీటీలిచ్చి ఎండలోకి వచ్చారు. గేటు దాటి మలుపు తిరిగాక ఆమె చెయ్యి వదిలి, చిరునవ్వుతో అతనికేసి తిరిగింది.

"నా పుట్టినరోజు ఆగస్టు పదకొండు, మంగళవారంలోగా కంఠస్థం చేసుకోండి," అంది పెర్పెతువా, "ఇక ఇంటిపేరు కాక మీ పేరేమిటో కూడా చెప్పారంటే, పొద్దున తెర పక్కకు జరిపి 'మీకూ తోడెవరూ రాలేదా అండీ' అని అడిగిన పెద్దమనిషి ఎవరో నాకూ తెలుస్తుంది."