ముందు జాగ్రత్త

“తినే తిండిలో, తాగేవాటిలో ఎవరైనా ఏదైనా కలుపుతున్నారనిపిస్తోందా?” అని అడిగింది డాక్టరమ్మ.

“పాలల్లోనండీ. రోజూ నీచు వాసన,” అన్నాడు క్రేన్ ఆపరేటర్.

డాక్టరమ్మ కాగితం మీద టిక్కు పెట్టింది. పక్కనే కూర్చున్న అక్క తల వంచుకుంది.

వాళ్లమ్మకి పాతికేళ్లకే మతి చలించింది. బతికినన్నాళ్లూ గోడలతో మాట్లాడి, మాట్లాడి పోయింది. తమ్ముడు అక్క ఇంట్లోనే పెరిగాడు. ఆ జబ్బును రాకముందే పసిగట్టే పరిశోధన ఈ ఆసుపత్రిలో జరుగుతోందని తెలిసి, నిరుడు అక్కే అతన్ని లాక్కొచ్చి చేర్పించింది. పరీక్షలన్నీ చేసి, “ఇలాంటివాళ్లు పదిమందిలో ఏడెనిమిది మందికి రాదు, బెంగపడకండి” అన్నారు. అక్కకి మాత్రం మిగతా ఇద్దరు ముగ్గురే కళ్లముందు ఆడారు. అప్పట్నుంచీ తమ్ముణ్ని కంటికి రెప్పలా చూసుకుంటోంది.

“ఇంకా?”

“ఎర్ర హెల్మెట్ వాడొకడు స్కూటర్ మీద నా వెనకాలే తిరుగుతున్నాడండీ. క్రేన్ ఎక్కి చూస్తే గేటు బయట నిలబడి, మెడ ఎత్తి నావైపే చూస్తుంటాడు. నేను దిగేసరికి మాయం.”

“మొహం చూశారా?”

“హెల్మెట్ తియ్యడు కదండీ.”

చెబుతుంటే అవి తనకే పిచ్చిమాటల్లా తోచాయి.

“ఇంట్లో?”

“నేను వంటింట్లోకి వెళ్తే అక్కా బావా మాటలు టక్కున ఆపేస్తారు. బీరువాలో నా బట్టలు ఎవరో కెలికినట్టుంటాయి. బావతో చెబితే, అనుమానం పెనుభూతంరా అని నవ్వేశాడు.”

మరో మూడు టిక్కులు పడ్డాయి.

డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. పెన్ను పక్కన పెట్టి అక్క వైపు తిరిగింది.

“చూడమ్మా, ఇది రాసేశానంటే ఇతన్ని మళ్లీ క్రేన్ ఎక్కనివ్వరు. ఇవాళే వార్డులో చేర్చుకోవాలి. మందులు ఏళ్లతరబడి వాడాలి. అందుకే అడుగుతున్నా. ఇతను చెప్పినవాటిలో ఒక్కటైనా నిజంగా జరుగుతోందా?”

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. ఒక్కదానికి అవునంటే చాలు, తన మతి బాగానే ఉన్నట్టు.

“లేదండీ,” అంది అక్క, కళ్లనిండా నీళ్లతో. “అంతా వాడి భ్రమ.”

అయితే ఎర్ర హెల్మెట్ వాడు లేనే లేడన్నమాట. లేని మనిషిని చూసే కళ్లతో తను ముప్పై అంతస్తుల మీంచి ఇనప దూలాలు దింపుతున్నాడా ఇన్నాళ్లూ? కింద పనిచేసే వాళ్లంతా గుర్తొచ్చారు.

జేబులోంచి లైసెన్సు కార్డు తీసి బల్లమీద పెట్టాడు.

“ఎక్కడ సంతకం పెట్టాలండీ?”

నర్సు వచ్చి లోపలికి తీసుకెళ్లింది. గుమ్మంలో ఆగి, “నువ్వు భయపడకక్కా” అన్నాడు. తలుపు మూసుకుంది. అవతల గడియ పడిన చప్పుడు వినిపించింది.

అక్క వరండాలోకి వచ్చి, కళ్లు తుడుచుకుని మొగుడికి ఫోన్ చేసింది.

“ఏమండీ, నిజం చెబితే వాడు మళ్లీ మన గడప తొక్కడని నోరు మూసుకున్నాను గానీ, ఏడాదిగా మీరు ఎర్ర హెల్మెట్ పెట్టుకుని వాడి వెనకాల కాపలా తిరిగినా, జబ్బు రాకుండా ఉంటుందని నేను వాడికి తెలీకుండా పాలల్లో చేపనూనె కలిపినా, అది రానే వచ్చిందండీ!”